రెండు కాగితాలు, ఒక ఉత్తరం: ఒక పత్ర పరిశీలకుడి కేస్ స్టడీ

ఈ కేసులో నేను రెండు రిపోర్టులు ఇచ్చాను. మొదటి రిపోర్టులో ఒక్క మాట ఎక్కువ రాశాను. ఆ మాట "నకిలీ". పరీక్షల్లో తప్పు లేదు, ఫొటోల్లో తప్పు లేదు, కొలతల్లోనూ లేదు. ఆ ఒక్క మాట దగ్గరే కాలు జారింది. వివాదంలో ఉన్న సంతకాలు, ఉత్తరాలు, వీలునామాలు పరిశీలించే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఎప్పటికైనా ఈ సంగతి చెప్పాలనుకుంటూ వచ్చాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కాగితం మీద కనిపించినవి మాత్రం కనిపించినట్టే రాస్తున్నాను.

తగువు

అన్నదమ్ములిద్దరూ పోయారు. తగువు పిల్లలకు మిగిలింది. తమ్ముడి కూతురు ఒక ఉత్తరం బయటపెట్టింది. 1974 జూన్ తేదీతో అన్న తమ్ముడికి రాసినట్టుంది. ఇల్లు తన పేరు మీదున్నా అందులో సగం తమ్ముడిదేనని, ఎప్పుడడిగినా రాసిస్తానని అందులో సారాంశం. కింద అన్న సంతకం. అన్న కొడుకుది ఒకటే మాట: "అది మా నాన్న సంతకం కాదు."

నన్ను అడిగిన ప్రశ్నలు రెండే. సంతకం ఆయనదేనా? కాగితం ఆ తేదీన రాసిందేనా? ఇందులో రాసిన విషయం నిజమేనా అని ఎవరూ అడగలేదు. అడగరు కూడా. అది నా పని కాదని వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు. తెలిసే తప్పు చేశాను.

ముందు నమూనాల సంగతి. అన్న కొడుకు తన తండ్రివని పద్నాలుగు సంతకాలు కట్టగట్టి పంపాడు. కట్ట విప్పకుండా పక్కన పెట్టాను. అతని మీద అనుమానం ఉండి కాదు. తగువులో ఉన్న మనిషి చేతి నుంచి వచ్చిన నమూనాలు ఎంత మంచివైనా, వాటిని మరోచోటి నుంచి సరిచూసుకోకుండా పని మొదలుపెట్టకూడదు. 1983లో జర్మనీలో స్టెర్న్ పత్రిక హిట్లర్ డైరీలు దొరికాయని ప్రకటించింది. చేతిరాత నిపుణులు అప్పటికే చూసి, అది హిట్లర్ రాతేనన్నారు. తీరా చూస్తే, పోల్చుకోమని వాళ్లకిచ్చిన నమూనాల్లోనే కొన్ని కోన్రాడ్ కుయావ్ రాసినవి. డైరీలు తయారుచేసిందీ అతనే. ఒక చేతి రాతను అదే చేతి రాతతో పోలిస్తే సరిపోక ఏం చేస్తుంది? ఆ నిపుణులు పోలికలో పొరపడలేదు, వాళ్ల కొలబద్దే దొంగది. చివరికి కాగితమే గుట్టు బయటపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గానీ వాడకంలోకి రాని, తెల్లదనం పెంచే రసాయనం అందులో దొరికింది.

అందుకే బ్యాంకు ఖాతా ఫారాలు, ఆయన పనిచేసిన చోట దాచిన సెలవు దరఖాస్తులు తెప్పించమన్నాను. రావడానికి రెండు నెలలు పట్టింది. కట్టలోని పద్నాలుగూ వాటితో కలిశాయి. కొడుకు నిజాయితీగానే పంపాడు.

పెట్టిన సంతకం, గీసిన సంతకం

సంతకం ఎవరైనా పెడతారు, గీయరు. మాటలో ఉన్న ఈ తేడానే మైక్రోస్కోప్ కింద కనిపిస్తుంది. అలవాటైన చేయి కాగితాన్ని తాకకముందే కదులుతూ ఉంటుంది, కాగితం వదిలాక కూడా కదులుతూనే ఉంటుంది. అందుకే గీత మొదలూ చివరా సన్నబడి గాలిలో కలిసిపోయినట్టుంటాయి. మలుపుల దగ్గర ఒత్తిడి ఎక్కి దిగుతుంది. ఆయన అసలు సంతకాలన్నింటిలో చివరి తోక అలాగే ఉంది, విసిరేసినట్టు.

ఉత్తరం మీది సంతకంలో మొదలు మొద్దు, చివర మొద్దు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా గీత ఒకే లావు. పెద్ద చుట్టు తిరిగేచోట సన్నని వణుకు. ఏ చేయీ ఆగని చోట కలం రెండుసార్లు ఆగి పైకి లేచింది, లేచినచోటే జాగ్రత్తగా మళ్లీ దిగింది. ఆకారం చాలా బాగా వచ్చింది. కాగితాన్ని చేతి దూరంలో పట్టుకుంటే ఆయన సంతకమే. దగ్గరికి తెస్తే ఆయన సంతకం బొమ్మ.

కొత్తవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: పోలిక తక్కువైతేనే కాదు, మరీ ఎక్కువైనా అనుమానించాలి. ఎవరూ రెండుసార్లు ఒకేలా సంతకం పెట్టలేరు. అమెరికాలో సిల్వియా హౌలాండ్ వీలునామా కేసులో, 1868లో తీర్పు వచ్చింది, గణిత శాస్త్రవేత్త బెంజమిన్ పియర్స్ ఇచ్చిన సాక్ష్యం దీని మీదే. ఆయన, ఆయన కొడుకు చార్లెస్ కలిసి ఆమె అసలు సంతకాలు నలభై రెండు తీసుకుని, ఒక్కోదానిలో కిందికి దిగే ముప్పై గీతలను జతలు జతలుగా పోల్చారు. ముప్పైకి ముప్పై కలిసే అవకాశం, అయిదును ముప్పై సార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్యలో ఒకటో వంతు అని లెక్కకట్టారు. వివాదంలో ఉన్న సంతకంలో ముప్పై కలిశాయి. ఆ లెక్కలో ఒక గీతకూ ఇంకో గీతకూ సంబంధం లేదని అనుకోవడం సరికాదని తర్వాతి వాళ్లు తప్పుపట్టారు. కోర్టు కూడా తీర్పును వేరే చట్టపరమైన అంశం మీద తేల్చింది. అయినా అసలు సూత్రం నిలిచింది: బతికున్న చేయి ప్రతిసారీ కొంచెం తప్పుతుంది. తప్పకపోతే అది చేయి కాదు, అచ్చు.

ఇక ఇంకు. అక్షరాల్లో బాల్‌పెన్ గోళీ తిరిగిన చారలు లేవు, ఫౌంటెన్ పెన్ పాళీ రెండు మొనల ఒత్తిడీ లేదు. ద్రావకం పెడితే కరగని రంగు, గీత అంచుల వెంట కాస్త ముదురు. జెల్ ఇంకు. జెల్ పెన్ను జపాన్‌లోని సకురా కంపెనీ 1984లో మార్కెట్‌లోకి తెచ్చింది. 1974లో ఆ ఇంకుతో ఉత్తరం రాయడం ఎవరి తరమూ కాదు. ఇలాంటివి తగిలినప్పుడు మా వాళ్ల ముఖాలు వెలుగుతాయి. 2006 ఫిబ్రవరి తేదీతో ఒక దేశపు కోర్టు ముందుకొచ్చిన పత్రం కాలిబ్రి ఫాంట్‌లో ఉందని, ఆ ఫాంట్ జనం చేతికి వచ్చింది 2007లో అని 2017లో బయటపడినప్పుడు ప్రపంచమంతా నవ్వింది. కాలాన్ని మోసం చేయడం మనిషిని మోసం చేసినంత తేలిక కాదు.

తర్వాత ఒత్తుళ్ల పరీక్ష. పుస్తకంలో పై కాగితం మీద రాస్తే కింది కాగితం మీద కంటికి కనిపించని గాట్లు పడతాయి. కాగితాన్ని లోహపు పళ్లెం మీద పరిచి, పైన పలుచటి ప్లాస్టిక్ పొర వేసి, ఎక్కువ వోల్టేజీతో విద్యుదావేశం ఎక్కించి, నల్ల పొడి చల్లితే ఆ గాట్లలో పొడి నిలబడి రాత తేలుతుంది. నా జూనియర్ పొడి చల్లి, పళ్లెం వంచి, ఒక్క క్షణం ఆగి అన్నాడు: "సార్, చూడండి." అదే సంతకం. ఒకదాని కింద ఒకటి, ఏడుసార్లు. మొదటి రెండింటిలో చుట్టు సరిగా రాలేదు, ఏడోది బాగా వచ్చింది. పక్కన ఎవరో వేరే పని మీద రాసుకున్న తేదీ: 11-3-91.

ప్రాక్టీసు చేసిన చేయి పట్టుబడింది. ఆ రోజు లాబ్‌లో అందరం టీ తాగుతూ కేసు అయిపోయిందనుకున్నాం.

ఒక్క సంగతి మాత్రం కుదరలేదు. ఉత్తరం ఒళ్లంతా ఉన్న రాత అన్నది కాదు. అన్న రాతను పోలినట్టు కూడా లేదు. మరెవరో గబగబా, ధారాళంగా, తన సొంత రాతలో రాశారు. సంతకాన్ని ఏడుసార్లు ప్రాక్టీసు చేసిన మనిషి, పైన ఇరవై పంక్తుల్లో తన రాతను దాచుకునే ప్రయత్నమే చేయలేదు. అన్న చెబుతుంటే ఎవరో రాసిపెట్టి ఉంటారని కూతురి తరఫు లాయరు వాదన. జెల్ ఇంకు ముందు ఆ వాదన నిలవదు కాబట్టి నేను దాని మీద ఆలోచన పెట్టలేదు. రిపోర్టులో ఒక పంక్తి మాత్రం రాసి వదిలేశాను. దొంగలు అలా చేయరని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఆ మాట

మొదటి రిపోర్టులో అభిప్రాయం ఇలా రాశాను: "వివాదంలో ఉన్న సంతకం నమూనా సంతకాలు పెట్టిన వ్యక్తిది కాదు. పత్రం దాని మీదున్న తేదీ నాటిది కాదు. కాబట్టి ఈ ఉత్తరం నకిలీ."

మొదటి రెండు వాక్యాలు పరీక్షల నుంచి వచ్చాయి. మూడోది నా నోటి నుంచి వచ్చింది. "కాబట్టి" అన్న మాట చూడండి, ఎంత అమాయకంగా కూర్చుందో.

నెల తిరక్కుండా తమ్ముడి కూతురు లాయరును వెంటబెట్టుకుని లాబ్‌కి వచ్చింది. యాభై దాటిన మనిషి. మామూలుగా పార్టీలతో నేను మాట్లాడను. ఆమె గది గుమ్మం దగ్గరే నిలబడి, "సార్, సంతకం పెదనాన్నది కాదని రాశారు. సరే. మా నాన్న దొంగ అని కూడా రాసినట్టే కదండీ?" అంది.

"అలా రాయలేదమ్మా."

"ఇంకెలా అర్థం చేసుకోమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. రాసిన దానికి అర్థం అదే. లాయరు ఆమెను కూర్చోబెట్టి, సీలు వేసిన కవరు ఒకటి బల్ల మీద పెట్టాడు. తండ్రి పెట్టె అడుగున దొరికిందట. తడిసి ఎండి, కవరూ అందులోని ఉత్తరమూ ఒకే అట్టలా అతుక్కుపోయిన ముద్ద. పెట్టె ఎప్పుడో నీళ్లలో నానిందని ఆమెకు చిన్నప్పటి జ్ఞాపకం. ఏ ఏడో చెప్పలేకపోయింది. చెప్పలేనందుకు నేను కొంచెం నమ్మాను. అబద్ధం చెప్పేవాళ్లకు ఏళ్లు బాగా గుర్తుంటాయి. ఇది శాస్త్రం కాదు, అలవాటు మీద వచ్చిన గుడ్డి నమ్మకం. రిపోర్టులో దీనికి చోటు లేదు.

రెండో కాగితం

ముద్దను విప్పే పని నాది కాదు. పాత కాగితాలు బాగుచేసే స్నేహితురాలు దాన్ని తేమ పెట్టెలో రెండు రోజులు ఉంచి, పలుచటి చాకులాంటి పరికరంతో మడత మడత విడదీసింది. లోపల ఒక కాగితం. దాని మీద అక్కడక్కడా లేత నీలి మరకలు, ఒక మూల చదవగలిగే నాలుగైదు మాటలు, అడుగున సగం కొట్టుకుపోయిన సంతకం. మామూలు వెలుతురులో అంతే.

365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వేసి గది చీకటి చేశాం. కాగితం లేత నీలంగా వెలిగింది. ఆ వెలుగులో గోధుమ నల్లని అక్షరాలు పంక్తి తర్వాత పంక్తి తేలాయి. అప్పట్లో వాడిన బ్లూ బ్లాక్ ఫౌంటెన్ పెన్ ఇంకుల్లో రెండు సరుకులుంటాయి: రాసిన వెంటనే కనిపించే నీలి రంగు, గాలి తగిలాక నల్లబడి కాగితం నారలో పాతుకుపోయే ఇనుము, టానిన్ల సమ్మేళనం. నీళ్లు నీలాన్ని కడిగేస్తాయి, ఇనుము అంత తేలిగ్గా పోదు. అతినీలలోహిత కాంతిని అది మింగేస్తుంది కాబట్టి వెలిగే కాగితం మీద చీకటి గీతలా నిలుస్తుంది. ఇలాంటి పనికి పెద్ద ఉదాహరణ ఆర్కిమెడీస్ గ్రంథం. పదో శతాబ్దంలో తోలు మీద రాసిన ఆయన రచనలను 1229 ప్రాంతంలో గీకేసి, దాని మీద ప్రార్థనల పుస్తకం రాసుకున్నారు. గీకేసిన అక్షరాల్లో మిగిలిన ఇనుమును ఎక్స్‌రేలతో పట్టుకుని మన కాలంలో మళ్లీ చదివారు.

మన ఉత్తరానికి వద్దాం. రాత అన్నదే, ఒళ్లూ సంతకమూ కూడా. చేయి ఆగకుండా నడిచింది, తోక విసిరేసినట్టే ఉంది. నమూనాల్లో కనిపించే తేడాలెన్నో ఇందులోనూ అన్ని ఉన్నాయి, ఏ ఒక్కదానికీ అచ్చు కాదు.

ఈసారి నేను తొందరపడలేదు. ఒకసారి ఓడిన పార్టీ తెచ్చిన రెండో కాగితాన్ని మొదటిదానికన్నా ఎక్కువ అనుమానించాలి. దాన్నీ ఎవరైనా తయారుచేసి నీళ్లలో ముంచి ఉండవచ్చు కదా? నన్ను ఒప్పించింది నీటి మరక. తడి ఆరేటప్పుడు దాని అంచున మురికి గీతలా మిగులుతుంది. ఉత్తరాన్ని పాత మడతల వెంటే మడిచి కవరులో పెట్టి చూస్తే, ఉత్తరం నాలుగు పొరల మీద, కవరు రెండు ముఖాల మీద ఆ గీత ఒక్క తాడులా కలిసింది. అంటే నీళ్లు వచ్చినప్పుడు ఆ ఉత్తరం ఆ కవరులోనే ఉంది. కవరు మీద పోస్టు ముద్ర నూనె ఇంకుది, చెదరలేదు. 1974 అన్నది చదవగలిగాం. ఒత్తుళ్ల పరీక్ష మాత్రం ఇక్కడ పనికిరాదు. నానిన కాగితంలో నారలు ఉబ్బి గాట్లు పూడిపోతాయి.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మాటకు మాట చదివాం. ఒకే ఉత్తరం. తమ్ముడి సొంత రాత నమూనాలు తెప్పిస్తే మొదటి కాగితం ఒళ్లంతా ఆయనదే. పెట్టె నానిపోయాక, ఉత్తరం అతుక్కుపోకముందు, కనిపించినంత కొత్త కాగితం మీదికి ఎత్తి రాసుకున్నాడు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. కూతురు గెలిచినట్టు, నేను తప్పు దిద్దుకున్నట్టు. అసలు ఉత్తరంలో రెండో మడత దగ్గర ఇలా ఉంది: "ఈ ఇంట్లో సగం నీదే. నీ దగ్గర నాకు రావలసిన బాకీ ముట్టాక ఎప్పుడడిగినా రాసిస్తాను." తమ్ముడి కాగితంలో: "ఈ ఇంట్లో సగం నీదే. ఎప్పుడడిగినా రాసిస్తాను."

బాకీ మాట లేదు.

చెరిపిన చుక్కలు

తమ్ముడు ఆ ముక్క మింగేశాడా, లేక కనిపించక వదిలేశాడా? ఆ మాటలు సరిగ్గా మడత మీద పడ్డాయి. తడి ఎక్కువగా నిలిచింది అక్కడే. మామూలు వెలుతురులో ఇవాళ అక్కడ ఏమీ కనిపించదు. ఆయన చూసిన రోజున ఏమాత్రం కనిపించిందో చెప్పలేం.

మొదటి కాగితం మళ్లీ తీశాను. ఆ రెండు వాక్యాల మధ్య ఖాళీ మిగతాచోట్ల కన్నా రెండు వేళ్లంత ఎక్కువ ఉంది. మొదటిసారే చూశాను, పంక్తి సర్దుకోవడానికి వదిలాడనుకున్నాను. నా పాత నోట్సులో ఆ చోటు గురించి "కాగితం స్వల్పంగా అరిగింది" అని కూడా ఉంది. ఇప్పుడు కాంతిని పక్క నుంచి, నేలబారుగా వేశాను. నారలు లేచి ఉన్నాయి, రబ్బరుతో రుద్దినట్టు. పరారుణ కాంతిలో జెల్ ఇంకు పారదర్శకమైపోయి, అడుగున పెన్సిల్ గ్రాఫైట్ జాడలు మిగిలాయి. మూడు చుక్కలు, పక్కన ఒక ప్రశ్నార్థకం.

చాలాసేపు ఆ తెర ముందు కూర్చున్నాను. ఒక మనిషి పాడైపోతున్న ఉత్తరాన్ని కాపాడుకోవడానికి ఎత్తి రాస్తున్నాడు. చదవలేనిచోట నిజాయితీగా ఖాళీ వదిలి, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు. ఆ క్షణాన అది నకలు. మంచి నకలు, చాలామంది గుమాస్తాలు తీసే నకళ్ల కన్నా మంచిది. తర్వాత ఎప్పుడో ఆ చుక్కలను ఎవరో చెరిపేశారు. సంతకాన్ని ఏడుసార్లు ప్రాక్టీసు చేసి ఎనిమిదోది కింద దించారు. పైన "నకలు" అని ఒక్క మాట రాసి ఉంటే సంతకం బొమ్మ ఉన్నా నష్టం ఉండేది కాదు. ఆ మాట రాయలేదు. చెరిపిన చేయి తమ్ముడిదా, వేరొకరిదా, గ్రాఫైట్ చెప్పదు. చెరపడానికీ సంతకానికీ మధ్య రోజులు గడిచాయా, ఏళ్లు గడిచాయా, అదీ చెప్పదు.

పేర్ల గొడవ

మన భాషలో నకలు, నకిలీ ఒకే తల్లి బిడ్డలు. రెండూ ఎత్తి రాయడం అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చాయి. ఒకదానికి కచేరీలో మర్యాద, ఇంకోదానికి సంకెళ్లు. రెండూ చేసే పని ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? పోలికలో లేదు. మొదటి కాగితం పోలికలో ఏమంత గొప్పది కాదు. పనితనంలోనూ లేదు. తన పుట్టుక గురించి ఆ కాగితం ఏం చెప్పుకుంటోందన్న దానిలో ఉంది. "నేను ఫలానా దాని నకలును" అంటే అది నిజం పలికే కాగితం. నోరు మూసుకుని అసలు స్థానంలో కూర్చుంటే నకిలీ.

ఆర్కిమెడీస్ గ్రంథాన్నే మళ్లీ చూడండి. ఆయన బతికింది క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో. మన చేతికొచ్చిన ప్రతి ఆయన పోయిన వెయ్యేళ్లకు పైగా గడిచాక ఎవరో ఎత్తి రాసింది. దాన్ని నకిలీ అనే మనిషి లేడు. అదే గ్రంథంలో కొన్ని పేజీల మీద బంగారు రేకుతో వేసిన, క్రైస్తవ సువార్తలు రాసినవాళ్ల బొమ్మలున్నాయి. పాతవిగా కనబడాలని ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో వేశారు. 1938 తర్వాత గానీ దొరకని రంగు వాటిలో బయటపడింది. ఒకే తోలు మీద గీకేసిన నకలు ఉంది, నిజంగానే పదమూడో శతాబ్దపు ప్రార్థన ఉంది, దొంగ బొమ్మ ఉంది. ఈ పుస్తకం అసలుదేనా అని అడిగితే ఏమంటాం? యేల్ విశ్వవిద్యాలయం దగ్గరున్న విన్‌లాండ్ పటం ఇంకో రకం. తోలు పదిహేనో శతాబ్దానిదే, ఖాయం. దాని మీది ఇంకులో 1920ల నుంచి వాడకంలోకొచ్చిన టైటానియం రంగు ఉంది. 2021లో ఆ విశ్వవిద్యాలయమే అది నకిలీ అని ప్రకటించింది. అసలు తోలు మీద దొంగ గీత.

ఇంకా తమాషా ఏమిటంటే, జైలు నుంచి వచ్చాక కుయావ్ పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మలను అనుకరించి, బాహాటంగా తన పేరు పెట్టి అమ్ముకున్నాడు. వాటికి గిరాకీ వచ్చింది. ఆయన పోయాక ఆయన నకిలీలకే నకిలీలు అమ్మినందుకు వేరొకరికి శిక్ష పడింది. అంటే "అసలైన కుయావ్ నకిలీ" అన్న మాటకు అర్థం ఉంది, కోర్టులో నిలబడేంత అర్థం.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఇది అసలుదేనా" అంటే "ఏమిటిగా?" అని తిరిగి అడుగుతాను. జూనియర్లు విసుక్కుంటారు. పాతదిగా అసలుదా, ఫలానా మనిషి చేతిదిగా అసలుదా, చెప్పే విషయంగా నిజమా? మూడూ మూడు దారులు. ఒకటి తేలితే మిగతావి తేలినట్టు కాదు. పైగా మూడోది నా పరికరాలకు అందదు. అన్న తన సొంత చేత్తో, 1974లోనే, నిజమైన సంతకంతో పచ్చి అబద్ధం రాసి ఉండవచ్చు. బాకీ లేకుండానే ఉందని రాసి ఉండవచ్చు. అతినీలలోహిత కాంతిలో అబద్ధం వేరే రంగులో వెలగదు.

మన దర్శనాల్లో ఈ తగువు పాతదే. మీమాంసకులు ఏమంటారంటే, జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణం, అది తప్పని తేలాలంటేనే బయటి కారణం కావాలి. నైయాయికులు ఒప్పుకోరు: నిజమని తేలాలన్నా బయటి పరీక్ష కావాల్సిందే. ఇంట్లో అందరం మీమాంసకులమే, తండ్రి ఉత్తరాన్ని ఎవరు పరీక్షకు పంపుతారు? లాబ్ తలుపు దాటితే నైయాయికులం కావాలి. నేను చేసిన తప్పు, కాగితాన్ని నైయాయికుడిలా పరీక్షించి, నా "కాబట్టి"ని మాత్రం మీమాంసకుడిలా నమ్మేయడం.

బోనులో

రెండో రిపోర్టులో "నకిలీ" లేదు, "అసలైన" కూడా లేదు. ఒకటో పత్రం ఒళ్లు తమ్ముడి రాత అని, సంతకం అన్నది కాదని, ఇంకు 1984 తర్వాతిదని రాశాను. 11-3-91 ఒత్తుడు వల్ల తెలిసేది, ఆ తేదీ రాసినప్పుడు ఈ కాగితం దాని కింద ఉందని మాత్రమే. రాత అప్పటికే ఉందో, తర్వాత వచ్చిందో తేలదు. రెండో పత్రం ఒళ్లూ సంతకమూ అన్నవే. ఒకటోదానిలో ఫలానా మాటలు లేవు, ఆ చోట చెరిపిన పెన్సిల్ గుర్తులున్నాయి. మొదటి రిపోర్టులోని మూడో వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో అన్న కొడుకు లాయరు మొదలుపెట్టాడు. "సంతకం దొంగదే కదా? అయితే ఉత్తరం దొంగదే." కూతురి లాయరు లేచాడు. "అందులో ఉన్న మాటలు అన్నగారివే కదా? అయితే ఉత్తరం నిజమైందే." ఇద్దరూ నా నోట "కాబట్టి" అనిపించాలని చూశారు. ఒకసారి ఆ మాటకు మూల్యం చెల్లించినవాణ్ని, అనలేదు. చివరికి మొదటి లాయరు విసిగి, "నిజమా, నకిలీయా, ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు.

"1974 ఉత్తరం అని పిలిస్తే నకిలీ. తర్వాత తీసిన నకలు అని పిలిస్తే, ఒక షరతు తగ్గిన నకలు. పిలవడం మీ చేతిలో ఉంది."

జడ్జిగారు రాసుకున్నారు. బాకీ ఉందా, తీరిందా, తీరితే ఎప్పుడు అన్న వాదనలు అక్కడి నుంచి మొదలయ్యాయి. వాటితో నాకు పని లేదు. ఇల్లు ఎలా పంచుకున్నారో నాకు తెలియదు.

తిరిగి ఇవ్వడం

కేసు ముగిశాక కోర్టు ఉత్తర్వుతో పత్రాలు తీసుకెళ్లడానికి ఆమె వచ్చింది. మా రిజిస్టర్లో అచ్చు వేసిన గడి ఒకటి ఉంటుంది: "తిరిగి ఇచ్చిన అసలు పత్రాల సంఖ్య." నా జూనియర్ కలం పట్టుకుని నా వైపు చూశాడు.

"రెండు," అన్నాను.

అతను నవ్వాపుకుంటూ రాశాడు. ఆమె రెండు కవర్లూ తెరిచి చూసుకుంది. తడిసిన ఉత్తరాన్ని పైపైన చూసి లోపల పెట్టేసింది. తండ్రి రాతలో ఉన్నదాన్ని మాత్రం బల్ల మీద పరిచి, ఆ ఖాళీ ఉన్నచోట వేలు పెట్టి కాసేపు ఉంచింది. నేను ఏమీ అనలేదు.

తర్వాత రిజిస్టర్లో సంతకం పెట్టింది. మొదటిసారి పత్రాలు ఇచ్చినప్పుడు పెట్టిన సంతకం అదే పేజీలో నాలుగు పంక్తుల పైన ఉంది. అలవాటు కొద్దీ రెంటినీ పోల్చాను. ఈసారి తోక కొంచెం పొడుగొచ్చింది, మధ్య అక్షరం తలకట్టు పక్కకు ఒరిగింది.